పెట్టెలో పట్టని ఒకటి

నా పేరు ప్రమీల. ఉండేది మచిలీపట్నం, మా మాటల్లో బందరు. ఇన్నేళ్ళూ నేను చేసింది ఒకటే పని. కంప్యూటర్‌లో ప్రోగ్రాము తెరవగానే ఎదురుగా కనిపించే తెరలు తయారు చేయడం. పేరు రాసే పెట్టె, నొక్కే మీట, అంకెలు వరసగా కనిపించే పట్టిక, అలాంటివి. మా అమ్మ చర్చిలో ఎవరైనా అడిగితే "మా అమ్మాయి కంప్యూటర్లు రిపేరు చేస్తుంది" అని చెప్పేది. నేనెప్పుడూ దిద్దలేదు. నేను చేసే పనిని అంతకన్నా తేలిగ్గా చెప్పడం నాకూ చేతనయ్యేది కాదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తారు. ఏ కోర్సు చేస్తే మంచిది, ఏ కంపెనీలో చేరితే మంచిది అని అడుగుతారు. వాటికి నా దగ్గర గొప్ప సమాధానాలేమీ లేవు. వాళ్ళకి చెప్పాల్సిన సంగతి ఒకటుంది గానీ, ఎదురుగా కూర్చుని చెప్పబోతే సగంలో ఆగిపోతున్నాను. కాగితం మీదైతే ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను.

అసలు పని ఏమిటంటే

మేం రోజంతా కూర్చుని కొత్త కొత్త తెరలు గీస్తామని బయటివాళ్ళు అనుకుంటారు. గీసేది చాలా తక్కువ. పాతవాటినీ కొత్తవాటినీ ఒకచోట సర్దడానికే ఎక్కువ కాలం పోతుంది. ఏ ప్రోగ్రామూ ఒక్క మనిషి మొత్తం రాసింది కాదు. పెట్టెలూ మీటలూ గీసిపెట్టేది ఎక్కడో ఎవరో రాసిన లైబ్రరీ, అంటే అందరూ తెచ్చి వాడుకునే రెడీమేడ్ ప్రోగ్రాము ముక్క. గ్రాఫులు గీసేది ఇంకొకరిది. యంత్రంలోంచి అంకెలు తెచ్చి ఇచ్చేది మరొకరిది. ప్రతిదానికీ వెర్షన్లుంటాయి. ఒకటి కొత్త వెర్షనుంటేనే వస్తానంటుంది, పక్కది పాతదుంటే తప్ప రానంటుంది. రెండింటికీ కుదిరే వెర్షను ఎక్కడుందో వెతికి, దాంతో మూడోది పేచీ పెట్టకుండా చూడాలి. మా పనిలో సగం బతుకు ఇదే.

పేచీలు రకరకాలుగా వస్తాయి. గుడివాడలో ఒక రైసుమిల్లుకి తూకం తెర చేసిచ్చాను. ఓసారి లైబ్రరీ మార్చాక తెలుగు అక్షరాలన్నీ ఖాళీ గళ్ళయి కూర్చున్నాయి. మిల్లు గుమాస్తా ఫోన్ చేసి, "మేడమ్ గారూ, మీ కంప్యూటర్ తెలుగు మర్చిపోయిందండీ" అన్నాడు. పెడనలో కలంకారీ అచ్చులు వేసేవాళ్ళకి రంగులు చూపించే ప్రోగ్రాము ఒకటి చేశాను. వెర్షను మారగానే మంజిష్ఠ ఎరుపు కాస్తా బత్తాయి రంగులో కనిపించింది. వాళ్ళు కుర్చీలోంచి లేవకుండానే పట్టేశారు.

ఇలాంటి తప్పులకి నేనెప్పుడూ భయపడలేదు. చూసిన క్షణంలోనే తప్పని తెలిసిపోతుంది. ఫోనొస్తుంది, నాలుగు తిట్లు తింటాం, బాగుచేస్తాం. అసలు ప్రోగ్రాము తెరుచుకోకుండా ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వస్తే మరీ మంచిది. ఆ ఎర్ర అక్షరాలు చూసి విసుక్కునే పిల్లలకి చెప్తున్నాను, అవి వచ్చినంతసేపూ మీరు క్షేమంగా ఉన్నట్టు.

శేషగిరిరావు గారు

నాకు ఈ పని నేర్పింది గుడివాడలో శేషగిరిరావు గారు. బస్టాండు ఎదురు సందులో, మందుల షాపు మేడ మీద ఆయన ఆఫీసు. ఇద్దరం ముగ్గురం పనిచేసేవాళ్ళం. బందరు నుంచి రోజూ పాసింజరు రైల్లో వెళ్ళొచ్చేదాన్ని.

ఆయన మంచి పనివాడు. ఎక్కడా దొరకని పాత ఇన్‌స్టాలేషన్ సీడీలు బీరువాలో భద్రంగా దాచుకునేవారు. ఏ లైబ్రరీకి ఏ వెర్షను పడదో అడిగితే తడుముకోకుండా చెప్పేవారు. ఆడపిల్లనని నాకు చిన్నపనులు ఇవ్వలేదు. ఆయన చలవ వల్లే నేను నా కాళ్ళ మీద నిలబడ్డాను.

కానీ ఆయన దగ్గర ఒక చెడ్డ సూత్రం కూడా నేర్చుకున్నాను. "ఎర్రర్ రాలేదంటే పనైపోయినట్టేనమ్మా. ఇంక దాని జోలికెళ్ళకు," అనేవారు. ఒకసారి చిలకలపూడి నుంచి రోల్డుగోల్డు నగల వ్యాపారి వచ్చి, నమూనాల తెరలో కింద ఉండాల్సిన మీట తన కంప్యూటర్‌లో కనిపించడం లేదన్నాడు. శేషగిరిరావు గారు తెర కేసి చూడలేదు. "ఎర్రర్ వచ్చిందా?" అనడిగారు.

"లేదండీ."

"మరింకేం? పెద్ద మానిటర్ కొనుక్కోండి."

వ్యాపారి వెళ్ళాక మేమందరం నవ్వుకున్నాం. అతను నిజంగానే పెద్ద మానిటర్ కొనుక్కున్నాడు. మనం గీసింది మన కంటికి ఎలా కనిపించిందో అవతలివాళ్ళ కంటికీ అలాగే కనిపిస్తుందా అన్న ప్రశ్న ఆ ఆఫీసులో ఎవరూ వేయలేదు. నేనూ వేయలేదు. శేషగిరిరావు గారు పనిలోంచి తప్పుకున్నాక ఖాతాదారుల్లో చాలామందిని నేనే చూసుకున్నాను. బందరులో మా ఇంటి ముందుగదే నా ఆఫీసయింది. ఆ సూత్రం కూడా నాతోపాటే వచ్చింది.

అవనిగడ్డ ల్యాబు

అవనిగడ్డలో సుధాకర్ గారని ఒకాయనకి రక్తపరీక్షల ల్యాబుంది. దివిసీమ పల్లెల్లోంచి, లంకల్లోంచి జనం అక్కడికే వస్తారు. యంత్రం రక్తాన్ని పరీక్షించి అంకెలు కంప్యూటర్‌కి పంపిస్తుంది. ఆ అంకెలు చూపించే తెర, కాగితం మీద రిపోర్టు అచ్చువేసే ప్రోగ్రాము రెండూ నావే.

అక్కడ టెక్నీషియన్ రజియా. అవనిగడ్డ అమ్మాయే. డిప్లొమా చదివి పెళ్ళికి ముందు నుంచీ అక్కడే చేస్తోంది. భర్త ఆటో నడుపుతాడు. పక్కవీధిలో నర్సింగ్‌హోమ్ నడిపే డాక్టర్ అనూరాధ గారు రద్దీగా ఉన్నప్పుడు కాగితం కోసం ఆగరు. ఫోన్ చేస్తే రజియా తెర మీద చూసి చదివేది. ఆవిడ విని మందు రాసేసేవారు. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది.

సుధాకర్ గారు పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి కొన్నారు. వాటిలో మా పాత ప్రోగ్రాము తెరుచుకోలేదు. తెరలు గీసే లైబ్రరీ పాత వెర్షను కొత్త కంప్యూటర్ మీద ఎక్కదు. కొత్త వెర్షను ఎక్కిస్తే గ్రాఫుల లైబ్రరీ రానంది. గ్రాఫులు తీసేసి చూస్తే యంత్రంలోంచి అంకెలు తెచ్చేది మొరాయించింది. వారాల తరబడి దానితోనే కుస్తీ పట్టాను. చివరికి అన్నీ ఒకదానితో ఒకటి సర్దుకున్న రోజున ఎర్ర అక్షరం ఒక్కటీ లేకుండా ప్రోగ్రాము తెరుచుకుంటే, ఒక్కదాన్నే గదిలో చప్పట్లు కొట్టుకున్నాను. రిపోర్టు అచ్చువేసే భాగాన్ని మాత్రం ముట్టుకోలేదు. అది పాతదే, పనిచేస్తోంది.

మా ఇంట్లో కంప్యూటర్ మీద అన్నీ చూసుకున్నాను. నాకు తోచిన అంకెలు వేసి చూశాను. షుగరు నూటపది, క్రియాటినిన్ సున్నా పాయింట్ ఎనిమిది, ఇలాగ. అన్నీ చక్కగా కనిపించాయి. అవనిగడ్డ వాళ్ళకి ఇంటర్నెట్‌లో పంపించి ఫోన్‌లో చెప్పి ఎక్కించుకోమన్నాను. బస్సెక్కి వెళ్ళి చూడలేదు.

పెట్టిన కొత్తలోనే రజియా ఫోన్ చేసింది. "మేడమ్, కొత్తదాంట్లో అంకెలు పెట్టెల్లో ఇరుక్కుని ఉన్నట్టున్నాయండీ. కొంచెం చూస్తారా?"

"ఇరుక్కోవడమేంటమ్మా? నా దగ్గర శుభ్రంగా ఉంది," అన్నాను. నా విజయం మీద ఎవరో మట్టి చల్లినట్టనిపించింది. "కళ్ళజోడు మార్పించుకుని ఎన్నాళ్ళయింది?" అని కూడా అన్నాను.

స్పీకర్ పెట్టిందేమో, అటువైపు ఇద్దరు ముగ్గురు నవ్వడం వినిపించింది. రజియా కూడా చిన్నగా నవ్వి, "సరే మేడమ్," అని పెట్టేసింది.

నాంచారయ్య

నాంచారయ్యది కృష్ణ ఏటి మధ్య లంకలో ఊరు. పీతలు పట్టి బతికే మనిషి. పాదాలు వాచాయని, నడుము లాగేస్తోందని భార్య శివనాగమ్మ పడవ దాటించి అవనిగడ్డ తీసుకొచ్చింది. డాక్టరు గారు కిడ్నీ పరీక్ష రాశారు. రక్తమిచ్చి నర్సింగ్‌హోమ్‌లో కూర్చున్నారు. డాక్టరు గారు ఫోన్ చేస్తే రజియా తెర చూసి, "క్రియాటినిన్ జీరో పాయింట్ ఎయిట్ అండీ," అని చదివింది.

క్రియాటినిన్ అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే అంకె. సున్నా పాయింట్ ఎనిమిదంటే ఏ తేడా లేదన్నమాట. డాక్టరు గారు కిడ్నీల మాట వదిలేసి నడుము నొప్పికి ఇంజెక్షను, బిళ్ళలు ఇచ్చి పంపించారు. కిడ్నీలు పాడైన మనిషికి ఆ నొప్పి మందులు విషంతో సమానమట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

వెళ్ళేముందు శివనాగమ్మ కాగితం కోసం ల్యాబుకి వచ్చింది. రజియా అచ్చు వేసింది. కాగితం మీద 10.8 అని ఉంది. తెర మీద 0.8 ఉంది. అప్పుడు నాకు ఫోన్ చేసింది.

"మేడమ్, ఒకే మనిషికి పేపరు మీద ఒకటొస్తోంది, స్క్రీన్ మీద ఒకటొస్తోందండీ. ఏది రైటు?"

నేను వెంటనే నా కంప్యూటర్‌లో 10.8 కొట్టి చూశాను. 10.8 అని నిండుగా కనిపించింది. తెర అబద్ధం చెప్పడం లేదనుకున్నాను. అక్కడ 0.8 కనిపిస్తోందంటే లోపల దాచింది 0.8 అయి ఉండాలని లెక్కకట్టాను. అచ్చువేసే పాత భాగంలో ఎప్పుడో ఒకసారి ముందు మనిషి అంకె తర్వాతి మనిషికి అంటుకున్న గొడవ జరిగింది. అది గుర్తొచ్చింది. నా కొత్త తెర మీద నాకెంత నమ్మకమో, ఆ పాతదాని మీద అంత అనుమానం.

"స్క్రీన్ మీదున్నదే రైటమ్మా. ప్రింటు పాతది, దాన్నింకా మార్చలేదు. పేపరు మీద దిద్ది ఇచ్చేయ్," అన్నాను.

"పెన్నుతోనా అండీ?"

"ఆఁ, కొట్టేసి పక్కన రాసి సంతకం పెట్టు. ప్రింటు సంగతి నేను చూస్తాలే."

రక్తం ఇంకా ఉందా, మళ్ళీ యంత్రంలో పెట్టి చూడు అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. నాకు తట్టనేలేదు. రజియా 10.8 కొట్టేసి 0.8 అని రాసి, కింద సంతకం పెట్టి శివనాగమ్మ చేతికిచ్చింది. వాళ్ళు పడవెక్కి ఊరికి వెళ్ళిపోయారు.

పెట్టె లాగితే

కొన్నాళ్ళకి నాంచారయ్యకి ఆయాసం పట్టుకుంది. పడుకుంటే ఊపిరాడడం లేదు. బంధువులు పడవలో అవనిగడ్డ తెస్తే, డాక్టరు గారు చూసీ చూడగానే అంబులెన్సులో బందరు పెద్దాసుపత్రికి పంపించారు. అక్కడి పరీక్షలో క్రియాటినిన్ పన్నెండు దాటిందని తేలింది. ఆ రాత్రే డయాలసిస్ పెట్టారట. ఇంత తక్కువ కాలంలో అంత పెరగడమేమిటని అక్కడి డాక్టర్లు అనూరాధ గారిని అడిగారు. ఆవిడ సుధాకర్ గారిని అడిగారు. సుధాకర్ గారు నాకు ఫోన్ చేశారు.

"ప్రమీల గారూ, ఓసారి వచ్చి వెళ్ళండి. మా రజియా రిపోర్టు దిద్దిందట. మీరు చెప్తేనే దిద్దానంటోంది."

అవనిగడ్డ వెళ్ళే బస్సులో కూర్చున్నంతసేపూ నేను నా ప్రోగ్రాము గురించి ఒక్క అనుమానం కూడా పడలేదు. రజియా ఎవరి రక్తమో ఎవరికో రాసిందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలా అయి ఉంటే బాగుండుననుకున్నాను.

ల్యాబు గేటు దగ్గర నాంచారయ్య తరఫువాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. కేకలు వేస్తున్నారు. వాళ్ళని దాటుకుని లోపలికి వెళ్ళాను. రజియా కంప్యూటర్ ముందు నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అన్నట్టు లేదు. నేను కుర్చీలో కూర్చుని నాంచారయ్య పేరు వెతికి తీశాను. క్రియాటినిన్ పక్కన 0.8 ఉంది.

"చూశారా," అన్నాను సుధాకర్ గారితో. ఆ మాట అన్నది నేనే.

పాత రికార్డులు చూద్దామని కిందికి జరుపుతూ పొరపాటున ఆ పెట్టె అంచుని పట్టుకుని కాస్త పక్కకి లాగాను. అప్పుడు సున్నాకి ముందు ఒకటి బయటికొచ్చింది. 10.8.

వదిలేస్తే ఒకటి మాయమైంది. మళ్ళీ లాగితే వచ్చింది. రజియా నా భుజం మీదుగా వంగి చూస్తోంది. "అమ్మో," అంది, అంతే.

జరిగింది ఇదీ. కొత్త లైబ్రరీ వెర్షనులో అక్షరాలు పాతవాటికన్నా పిసరంత వెడల్పు. వాళ్ళ కొత్త కంప్యూటర్ తెర నాదాని లాంటిది కాదు. అక్షరాలు చిన్నగా కనిపించకుండా అది వాటిని తనంతట తానే పెద్దవి చేస్తుంది. పెట్టె వెడల్పు మాత్రం నేను ఎప్పుడో గీసిన కొలతే. అంకెలు కుడివైపుకి ఆనుకుని ఉంటాయి కాబట్టి, చోటు చాలనప్పుడు ఎడమవైపు అంకె తెగిపోయింది. నా మానిటర్ మీద వెంట్రుకవాసిలో పట్టింది. వాళ్ళ మానిటర్ మీద పట్టలేదు. వెర్షన్లన్నీ సర్దుకున్నాయి, ఎర్రర్ ఒక్కటీ రాలేదు.

క్రియాటినిన్ పెట్టె అంత ఇరుకుగా ఎందుకు గీశానో కూడా చెప్పాలి. పరీక్షలన్నీ ఒకే తెర మీద పట్టించాలని చోటు కోసం వెతుక్కుంటుంటే, దీనికి ఎప్పుడూ సున్నా పాయింట్ ఎనిమిదో, ఒకటి పాయింట్ ఒకటో వస్తుంది కదా, మూడు గుర్తులకి చోటుంటే చాలనుకున్నాను. ల్యాబుకి వచ్చేది జబ్బుపడ్డవాళ్ళు. నేను ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని ఊహించుకుని గీశాను.

గేటు లోపల చెప్పిన మాట

డాక్టర్ అనూరాధ గారు కాసేపటికి వచ్చారు. ఆవిడకీ పెట్టె లాగి చూపించాను. తప్పు నాదేనని, రజియాకి దిద్దమని చెప్పింది కూడా నేనేనని ఇద్దరి ముందూ చెప్పాను. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది.

"పెట్టెలో పట్టకపోతే ఏమీ చూపించకుండా వదిలేయొచ్చు కదండీ," అన్నారు. "ఖాళీగా ఉంటే రజియా నాకు ఖాళీ అని చెప్పేది, నేను మళ్ళీ చేయమనేదాన్ని. సగం అంకె చూపిస్తే నేనేం చేయను? నా చేత్తో నేనే ఆయనకి నొప్పి ఇంజెక్షన్ ఇచ్చాను."

బయట కేకలు పెరుగుతున్నాయి. సుధాకర్ గారు తలుపు దగ్గరికి వెళ్ళి చూసొచ్చారు.

"ప్రమీల గారూ, ఇదంతా లోపలే ఉండనివ్వండి. కంప్యూటర్ తప్పని చెప్తే ఇన్నాళ్ళూ ఇచ్చిన రిపోర్టులన్నీ పట్టుకుని ఊరంతా వస్తారు. ఆ కాగితం మీద సంతకం అమ్మాయిది. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చోమందాం. చల్లారాక చూద్దాం."

"తప్పు నాదైతే ఆ అమ్మాయిని ఎందుకండీ?" అన్నాను.

"మరి మిమ్మల్ని తీసేస్తే ఇదంతా బాగుచేసేదెవరు?"

ఆయన ఎగతాళిగా అనలేదు. ఉన్నమాటే అన్నారు. కొత్త వెర్షను పెట్టినప్పటి నుంచీ ఎవరెవరికి అంకె తెగిందో ముందు అది చూడాలి, ఆ రోజే చూడాలి. అది నాకు తప్ప ఎవరికీ రాదు. నేను రజియా కేసి చూశాను. తను నన్ను చూడలేదు. హ్యాండ్‌బ్యాగు తీసుకుని, కోటు విప్పి కుర్చీ మీద పెట్టి బయటికి వెళ్ళింది. గేటు దగ్గర గుంపులోంచి ఎవరో, "ఇదేరా, దిద్దిందిదే," అని అరిచారు. ఆ గుంపు మధ్యలోంచే తను నడిచి వెళ్ళింది. నేను తలుపు ఇవతల నుంచే విన్నాను. బయటికి రాలేదు.

ఆ రోజు అన్ని రికార్డులూ తిరగేశాం. క్రియాటినిన్ పది దాటింది నాంచారయ్యకొక్కడికే. మిగిలిన పెట్టెలు వెడల్పుగానే ఉన్నాయి. పెట్టెను సరిచేశాను. ఇప్పుడు అంకె పట్టకపోతే పెట్టె మొత్తం ఎర్రగా మారి ఖాళీగా ఉంటుంది. డాక్టరు గారు అడిగినట్టే.

పిల్లలూ, మీకు చెప్పాల్సిన పనిమాటలు ఇక్కడితో అయిపోతాయి. వెర్షను మార్చిన ప్రతిసారీ వాడేవాళ్ళ కుర్చీలో కూర్చుని, వాళ్ళ తెర మీదే చూడండి. రాగల అంకెల్లో అన్నిటికన్నా చెడ్డది వేసి చూడండి. "నా దగ్గర బాగానే ఉంది" అన్నమాట నోటిదాకా వస్తే మింగేసి బస్సెక్కండి. ఆ మాట నేను ఎంతమందితో అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది.

ఆసుపత్రిలో, తర్వాత రజియా ఇంట్లో

నాంచారయ్య బతికాడు. బందరు ఆసుపత్రిలో ఇప్పటికీ డయాలసిస్ జరుగుతోంది. కిడ్నీలు అప్పటికే పాడయ్యాయని, ముందే తెలిసినా ఇక్కడికే వచ్చేవాడేమోనని ఒక డాక్టరు అన్నారు. ఆ నొప్పి మందులు వేయకపోతే ఇంకొన్నాళ్ళు నెట్టుకొచ్చేవాడని ఇంకొకరన్నారు. ఏది నిజమో నాకు ఎవరూ చెప్పలేరు. ఆసుపత్రి మా ఇంటికి దూరమేమీ కాదు. వెళ్ళి శివనాగమ్మతో జరిగిందంతా చెప్పాను. ఆవిడ విని, "అయితే ఆ ల్యాబు పిల్ల చేసింది కాదామ్మా?" అంది. కాదన్నాను. "మావాళ్ళు ఆ పిల్లని నానామాటలన్నారే," అని మంచం మీద భర్త కాళ్ళ దగ్గర కూలబడింది. భర్త కాళ్ళు పడుతూ ఉండిపోయింది.

ఆ మాట విన్నాక అవనిగడ్డ వెళ్ళకుండా ఉండలేకపోయాను. అప్పటికే ల్యాబులో రజియా కుర్చీలో వేరే అమ్మాయి చేరింది. చల్లారాక చూద్దామన్నది ఎవరూ చూడలేదు. నేను సుధాకర్ గారికి ఒకటి రెండుసార్లు గుర్తుచేసి ఊరుకున్నాను.

రజియా వాకిట్లోనే ఎదురొచ్చింది. లోపలికి రమ్మంది. నేను క్షమించమని మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డంపెట్టింది.

"నాతో ఎందుకు మేడమ్, నాకు తెలుసు కదా. ఆ రోజు నేనూ చూశాను కదా. మా అత్తమ్మతో చెప్పండి. చదువుకుని కూడా అంకె సరిగ్గా చదవలేక మనిషి ప్రాణం మీదికి తెచ్చానని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. నేను చెప్తే ఉద్యోగం పోయినందుకు సాకు చెప్తున్నా అనుకుంటారు."

వాళ్ళ అత్తగారు వంటింట్లోంచి వచ్చి కూర్చున్నారు. పెద్దావిడ. నేను పెట్టె సంగతి, అంకె తెగిన సంగతి, ఫోన్‌లో నేనన్న మాట, అన్నీ చెప్పాను. అయ్యాక ఆవిడ కోడలి కేసి ఒకసారి చూసి, నావైపు తిరిగారు.

"ఈ మాట ఆ రోజు గేటు దగ్గర చెప్పలేదేమ్మా మీరు?"

"భయమేసిందండీ."

ఆవిడ లేచి వీధిగుమ్మంలోకి వెళ్ళారు. ఎదురింటావిడని, పక్కింటివాళ్ళని పేరుపెట్టి పిలిచారు. "ఒక్కసారిలా రండి. బందరు నుంచి మేడమ్ గారొచ్చారు, మా రజియా సంగతి చెప్తారు. మీరూ వినండి."

నలుగురైదుగురు ఆడవాళ్ళొచ్చారు. ఆటోస్టాండు నుంచి రజియా భర్త కూడా వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. నేను లేచి నిలబడి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టంగా ఉంది. రజియా గుమ్మంలో నిలబడి అందరి ముఖాలూ చూస్తోంది.

చెప్పడం అయ్యాక ఎదురింటావిడ అడిగింది. "అయితే తప్పు మీదని ఆ ల్యాబు ఆయనకి తెలుసా?"

"ఆ రోజే చెప్పానండీ."

"తెలిసి కూడా ఈ పిల్లని తీసేశాడా?"

"అవునండీ."

ఆవిడ దెప్పుతున్నట్టు లేదు. తెలుసుకుందామనే అడిగింది. "మరి మీరు మానేశారా ఆ ల్యాబు పని?"

రజియా అప్పుడు మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"లేదండీ," అన్నాను.